భూమి కింద నీటి లీకేజీలు పట్టే సేవ: హన్మకొండలోని మా ప్రాంగణంలో జరిగిన పనిపై సమీక్ష

హన్మకొండ శివారులోని మా విద్యాసంస్థ ప్రాంగణంలో భూమి లోపల ఎక్కడో కారిపోతున్న నీటిని గుర్తించి మరమ్మతు చేయించడానికి ఈ వేసవి సెలవుల్లో హైదరాబాద్ నుంచి ఒక లీకేజీ గుర్తింపు సంస్థను పిలిపించాం. ప్రాంగణ నిర్వహణ చూసేవాడిగా ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో పెద్ద కళాశాలలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు, గేటెడ్ కాలనీలు నిర్వహించేవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇలాంటి సేవలు అందించేవారు ఇప్పుడు పలువురు ఉన్నారు కనుక, ఎవరు వచ్చినా వారి పనిని ఎలా బేరీజు వేసుకోవాలో తెలిస్తే చాలు. నా అభిప్రాయం ముందే చెబుతాను: లీకు జాడ తీయడంలో వీరికి వంక పెట్టడానికి లేదు, మరమ్మతు మాత్రం పక్కన నిలబడి చేయించుకోవలసి వచ్చింది.

మా ప్రాంగణం సుమారు 12 ఎకరాలు. రెండు హాస్టళ్లు, ఒక మెస్, తరగతి భవనాలు, సిబ్బంది క్వార్టర్లు ఉన్నాయి. బోర్ల నీరు, మున్సిపల్ నల్లా నీరు ఒకే సంపులో చేరతాయి. అక్కడ క్లోరిన్ కలిపిన తర్వాత మోటారుతో ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, భూమిలో వేసిన లైన్ల ద్వారా అన్ని భవనాలకు వదులుతాం. ఎండాకాలంలో బోర్లు తగ్గడం మాకు కొత్త కాదు. విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయిన తర్వాత కూడా ట్యాంకు నిండిన కొద్ది గంటల్లోనే మళ్లీ మోటారు వేయవలసి రావడం మాత్రం కొత్త. వరంగల్ నగరానికి వచ్చే నీరు కాకతీయ కాలువ మీదుగానో, దేవాదుల ఎత్తిపోతల ద్వారానో ఎంతో దూరం ప్రయాణించి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిలుస్తుంది. అక్కడ శుద్ధి అయ్యి, పంపులెక్కి మా సంపు దాకా వచ్చిన నీరు మా గేటు లోపలికి చేరాక మట్టిపాలు కావడం నాకు చాలా బాధ కలిగించింది.

మా నేల స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ పైన పలచగా ఎర్ర చలక నేల, దాని కింద మొరం, ఇంకా కింద గ్రానైటు రాయి ఉంటాయి. నల్లరేగడిలో లీకైతే పైన బురద తేలడానికి అవకాశం ఎక్కువ. మొరంలో అలా కాదు, నీరు కిందికి ఇంకిపోతుంది. అదీ కాక, పైపు వేయడానికి తవ్వి పూడ్చిన కాలువలోని మట్టి చుట్టుపక్కల గట్టి నేల కన్నా వదులుగా ఉంటుంది కనుక, కారిన నీరు పైపు వెంటే వాలు ఎటుంటే అటు పారి, ఎక్కడో దూరాన గోడ పునాదో మురుగుకాలువో అడ్డం వచ్చిన చోట పైకి వస్తుంది. చెమ్మ కనిపించిన చోటికీ లీకు ఉన్న చోటికీ మధ్య పదుల మీటర్ల దూరం ఉండవచ్చు. ఈ సంగతి పట్టించుకోకుండా అంతకుముందు ఒక స్థానిక కాంట్రాక్టరు మెస్ వెనుక చెమ్మ ఉన్న చోటే జేసీబీతో లోతుగా తవ్వించాడు. లీకు దొరకలేదు సరికదా, వీధి దీపాల కేబుల్ తెగింది. ఆ గుంత పూడ్చడానికి, కేబుల్ అతకడానికి అయిన ఖర్చు మాదే.

అందువల్ల కొత్త సంస్థ మనుషులు వచ్చిన రోజు గడ్డపార ముట్టకపోవడం నాకు నచ్చింది. వారు మొదట చేసిన పని చెమ్మ నీటిని చిన్న సీసాలో పట్టి అందులో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి చూడటం. నీరు లేత పసుపు రంగుకు తిరిగింది. అంటే అందులో క్లోరిన్ ఉంది. అది ఊట నీరో మురుగునీరో కాదు, మా ట్యాంకు నుంచి వచ్చిన నీరే. తాగునీటి ప్రమాణాల ప్రకారం వాడకందారు దగ్గరికి చేరే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మట్టిలోంచి పారేటప్పుడు అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. అయినా జాడ మిగిలిందంటే కారుతున్న నీరు తక్కువ కాదని వారు అప్పుడే అన్నారు. వర్షాకాలంలో ఇలాంటి పరీక్ష చేయకుండా తవ్వకానికి దిగితే వాన ఊటను లీకుగా భ్రమపడే ప్రమాదం ఉంది. ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి సంస్థా చేయాలి.

రెండో మెట్టు రాత్రి పరీక్ష. ఈ సేవ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఇదే. నీటి వాడకం దాదాపు లేని వేళలో ట్యాంకు నుంచి ఎంత నీరు పోతోందో కొలిస్తే, ఆ పోయేది చాలావరకు లీకే అవుతుంది. పెద్ద నగరాల నీటి సరఫరాలో కూడా రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ప్రవాహాన్ని చూసే నష్టాన్ని అంచనా వేస్తారు. మా దగ్గర మోటారు ఆపి, సంపు వైపు వాల్వులు మూసి, రాత్రి 1 గంట నుంచి 4 గంటల వరకు ట్యాంకులో మట్టం కొలిచారు. ట్యాంకు లోపలి కొలత 6 మీటర్లు, 5 మీటర్లు కనుక మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 300 లీటర్లు పోయినట్టు. మూడు గంటల్లో 18 సెంటీమీటర్లు తగ్గింది. అంటే 5,400 లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు. రోజుకు 43,200 లీటర్లు. పిల్లలు లేని ప్రాంగణంలో పది వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగింటికి మించిన నీరు రోజూ భూమిలోకి పోతోందని ఆ లెక్కతో తేలింది.

వారి దగ్గర పైపును కోయకుండా బయటి నుంచే బిగించి, ధ్వని తరంగాలతో ప్రవాహాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు ఉంది. దాన్ని ట్యాంకు నుంచి దిగే 100 మిల్లీమీటర్ల పైపుకు బిగించారు కానీ, దాని అంకె నిలకడగా నిలవలేదు. అంత పెద్ద పైపులో నిమిషానికి 30 లీటర్లంటే ప్రవాహ వేగం సెకనుకు ఆరేడు సెంటీమీటర్లకు మించదు. అంత మెల్లని ప్రవాహాన్ని ఆ రకం మీటరు సరిగా పట్టలేదు. బృందం పెద్ద ఆ అంకెను పక్కన పెట్టి, “సార్, మీటరు కన్నా మీ ట్యాంకే నిజం చెప్తది” అని టేపు కొలతనే ఖాయం చేశాడు. తెచ్చిన యంత్రం ఎక్కడ పనికిరాదో తెలిసిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత ఒక్కో లైను వాల్వు మూస్తూ మట్టం ఎంత తగ్గుతోందో మళ్లీ చూశారు. మెస్ లైను మూయగానే గంటకు 3.2 సెంటీమీటర్ల నష్టం ఆగింది, అంటే నిమిషానికి 16 లీటర్లు. క్వార్టర్ల లైను మూస్తే మరో 8 లీటర్లు ఆగాయి. మిగిలిన 6 లీటర్లు హాస్టళ్ల వైపు పోతున్నాయి. మిగతా లైన్లలో నష్టమేమీ కనిపించలేదు. 12 ఎకరాల్లో ఎక్కడ వెతకాలో తెలియని స్థితి నుంచి మూడు లైన్ల దగ్గరికి వచ్చాం. ఇంతవరకు టేపు, టార్చిలైటు, పని చేసే వాల్వులు తప్ప మరేమీ అవసరం పడలేదు. నిజానికి ఒక వాల్వు తుప్పు పట్టి పూర్తిగా మూసుకోలేదు. దాన్ని మార్చిన తర్వాతే ఆ లైను లెక్క తేలింది. వాల్వు సగమే మూసుకుంటే పరీక్ష మొత్తం తప్పుతుంది కనుక, ఎవరినైనా పిలవకముందే వాల్వులన్నీ తిప్పి చూసుకోవాలి.

అసలు జాడ తీసే పని మెస్ లైనుతో మొదలైంది. ఒత్తిడి మీద ఉన్న పైపులోంచి నీరు చీల్చుకుని వచ్చేటప్పుడు పుట్టే చప్పుడు పైపు గోడ వెంట, లోపలి నీటి వెంట రెండు వైపులా ప్రయాణిస్తుంది. లైనుకు రెండు చివర్ల ఉన్న వాల్వులపై ఒక్కో సెన్సర్ పెట్టి, ఆ చప్పుడు ఏ సెన్సర్‌కు ఎంత ముందుగా చేరిందో కొలిచే యంత్రాన్ని కోరిలేటర్ అంటారు. రెండు సెన్సర్ల మధ్య పైపు పొడవు, ఆ పైపులో ధ్వని వేగం తెలిస్తే, సమయాల తేడాను బట్టి లీకు ఏ వాల్వుకు ఎంత దూరంలో ఉందో లెక్క వస్తుంది. ఇనుప పైపులో ఈ వేగం సెకనుకు 1,200 మీటర్ల ప్రాంతంలో ఉంటే, పీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపులో 450 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అందుచేత పైపు దేనితో చేసిందో సరిగా తెలియకపోతే ఎంత ఖరీదైన కోరిలేటరైనా తప్పు చోటే చూపిస్తుంది.

మా పాత నక్షాలో మెస్ లైను మొత్తం జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, అని ఉంది. రెండు వాల్వుల మధ్య దూరం 84 మీటర్లు. మెస్ వైపు సెన్సర్‌కు చప్పుడు సుమారు 24 మిల్లీసెకన్లు ముందుగా చేరింది. ఇనుప పైపు వేగంతో లెక్కిస్తే లీకు మెస్ వాల్వు నుంచి 27 మీటర్లు దాటిన చోట ఉండాలి. అక్కడ రోడ్డు మీద సున్నంతో గుర్తు వేశారు. అయితే గ్రౌండ్ మైక్రోఫోన్ పెట్టి విన్నప్పుడు ఆ గుర్తు దగ్గర చప్పుడు ఉన్నా, మెస్ వైపు జరిగిన కొద్దీ ఇంకా పెరిగింది. రెండు పద్ధతులూ ఒకే చోటు చూపాలి, చూపలేదు. అక్కడే తవ్వేద్దామని తొందరపడకుండా వారు ఆగారు. అప్పుడు మా పాత మోటారు ఆపరేటరు చెప్పిన మాట దారి చూపింది: “నడుమ జీఐ పైపు తుప్పు వట్టి పోయింది సార్. అప్పుడు మలుపు కాడికెళ్లి మెస్ వాల్వు దాంక ప్లాస్టిక్ పైపు ఏసినం. అది కాగితం మీద ఎవ్వరు ఎక్కియ్యలే.” బృందంలోని కుర్రవాడు వెంటనే, “ఏ మలుపు కాకా, జర నడిచి చూపెట్టు” అంటూ టేపు పట్టుకుని ఆయన వెంట వెళ్లాడు.

కొలిస్తే ట్యాంకు వైపు నుంచి 40 మీటర్లు జీఐ, మిగిలిన 44 మీటర్లు పీవీసీ అని తేలింది. రెండు భాగాలకు రెండు వేగాలు ఇచ్చి మళ్లీ లెక్కిస్తే లీకు మెస్ వాల్వు నుంచి 24 మీటర్ల దగ్గరికి వచ్చింది. మైక్రోఫోన్‌లో చప్పుడు అన్నిటికన్నా బలంగా వినిపించిన చోటు కూడా అదే. మొదటి గుర్తుకూ రెండో గుర్తుకూ తేడా మూడు మీటర్ల పైచిలుకే. కానీ కాంక్రీటు రోడ్డు మీద మూడు మీటర్ల తేడా అంటే ఒక వృథా గుంత, ఒక వృథా అతుకు, వారి మీద పోయే నమ్మకం.

ఈ వినే పనికి నిశ్శబ్దం కావాలి. కాజీపేట జంక్షన్‌కు వెళ్లే రైళ్ల చప్పుడు రాత్రిపూట మా ప్రాంగణం దాకా వస్తుంది. గూడ్సు బండి పోతున్నంతసేపూ హెడ్‌ఫోన్లు తీసి కూర్చునేవారు. ట్రాన్స్‌ఫార్మరు రొదను యంత్రంలోని ఫిల్టరుతో తగ్గించారు, బోరు మోటార్లన్నీ ఆపించారు. ఒకసారి నాకూ హెడ్‌ఫోన్లు ఇచ్చారు. లీకు నుంచి దూరంగా ఉన్నప్పుడు మందమైన గాలిరొదలా ఉన్న చప్పుడు, సరైన చోటికి వచ్చేసరికి ఇసుక జల్లుతున్నట్టు గరగరలాడింది. గులకరాళ్ల మీద నీరు కొట్టుకోవడం వల్ల వచ్చే అదనపు చప్పుడు అదని చెప్పారు. పగటిపూట వచ్చి గంటలో చూసేసి పోతామనే సంస్థలను నేను నమ్మను.

తవ్వితే గుర్తుకు అడుగు తేడాలో పగులు కనిపించింది. పీవీసీ పైపు పొడవునా జానెడు చీలిక. దాని సరిగ్గా కింద అంచులు పదునుగా ఉన్న గ్రానైటు ముక్క ఒకటి పైపు అడుగుకు గుచ్చుకుని ఉంది. పైపు కింద ఇసుక పరవకుండా, తవ్విన మొరాన్నే రాళ్లతో సహా మళ్లీ పోసి పూడ్చిన ఫలితం అది. లోతు రెండు అడుగులే. వాహనాలు తిరిగే దారి కింద కనీసం మీటరు లోతు ఉండవలసిన పైపు అది. ఆ దారి మీద మెస్ సరుకుల లారీలతో పాటు మేం తెప్పించిన నీటి ట్యాంకర్లు కూడా తిరిగాయి. పది వేల లీటర్ల ట్యాంకరులో నీటి బరువే పది టన్నులు. ఆ బరువు పైనుంచి, రాయి కిందనుంచి నొక్కుతుంటే పైపు నిలవడం సాధ్యం కాదు.

ఆ చీలికను చూశాక నీటి నష్టం కన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఆ చోటుకు కొద్ది దూరంలోనే మెస్ మురుగు పైపు వెళుతుంది. లైనులో ఒత్తిడి ఉన్నంతసేపు నీరు బయటికి పోతుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడో వాల్వు మూసినప్పుడో ఒత్తిడి పడిపోతే అదే చీలిక గుండా చుట్టూ ఉన్న మురికినీరు లోపలికి చేరగలదు. టైఫాయిడ్, పచ్చకామెర్లు వ్యాపించే దారుల్లో ఇదొకటి. వందల మంది పిల్లలు తాగే నీటి లైనులో లీకును ఖర్చు లెక్కతో మాత్రమే చూసి వాయిదా వేయడం తగదు. మరమ్మతు తర్వాత లైనును కడిగి, క్లోరిన్ మోతాదు పెంచి కొంతసేపు నిలిపి, మళ్లీ పారబోయమని సంస్థవారు తామే సూచించారు. ఈ సూచన వారి జాగ్రత్తను చూపింది.

క్వార్టర్ల లైను పూర్తిగా హెచ్‌డీపీఈ పైపు. ఇందులో కోరిలేటరు పని చేయలేదు. మెత్తని ప్లాస్టిక్‌లో చప్పుడు కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. అందుకని గ్యాస్ పద్ధతికి వెళ్లారు. లైనులోని నీరు ఖాళీ చేసి, 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిసిన మిశ్రమాన్ని లోపలికి ఎక్కించారు. ఆ నిష్పత్తిలో ఉన్న మిశ్రమానికి నిప్పు అంటుకోదు, విషం కాదు. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలికైన వాయువు కనుక లీకు గుండా బయటికి వచ్చి మట్టిలోంచి, సిమెంటు అతుకుల్లోంచి కూడా పైకి వస్తుంది. నేల మీద నడిపించే సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. గ్యాస్ అనే మాట వినగానే క్వార్టర్లలోని కుటుంబాలు భయపడ్డాయి. సంస్థవారు ముందుగా ఇంటింటికీ చెప్పి ఉంటే ఆ గాబరా తప్పేది. చివరికి ఆ సర్దిచెప్పే పని నేనే చేశాను.

పేవర్ టైల్స్ పరిచిన పార్కింగ్ దగ్గర సెన్సర్ అంకె పెరిగింది. అయితే టైల్స్ సందుల్లోంచి వచ్చే గ్యాస్ గాలికి పక్కకు పోతుంది కనుక, వరుసగా సన్నని రంధ్రాలు వేసి ఒక్కో రంధ్రంలో విడిగా కొలిచారు. అన్నిటికన్నా ఎక్కువ అంకె వచ్చిన రంధ్రం కింద ఒక బిగింపు జాయింట్ బయటపడింది. లోపలి రబ్బరు రింగు పక్కకు తొలగి, ఒక వైపు నుంచి నీరు పోతోంది. టైల్స్ తీసి మళ్లీ పరచడమే తప్ప పగలగొట్టినది ఏమీ లేదు. ఈ లీకు మీద ఎక్కడా చెమ్మ లేదు. గ్యాస్ పద్ధతి లేని సంస్థ వచ్చి ఉంటే ఇది దొరికేది కాదని నా నమ్మకం.

హాస్టళ్ల వైపు పోతున్న నిమిషానికి 6 లీటర్లకు భూమితో సంబంధమే లేదు. అవి మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకుల్లోంచి పోతున్నాయి. ట్యాంకులో తినే రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా వదిలేస్తే, పావుగంటలో కమోడ్‌లో రంగు కనిపించిన ట్యాంకులన్నీ కారుతున్నట్టే. వాషర్లు మార్చితే సరిపోయింది. సంస్థవారు ఇక్కడ కూడా యంత్రాలు దింపి రుసుము పెంచుకోవచ్చు. అలా చేయకుండా మా ప్లంబరుతో చేయించుకోమన్నారు. ఇది వారి నిజాయితీకి గుర్తుగా రాస్తున్నాను. పెద్ద హాస్టళ్లు నడిపేవారు భూమి తవ్వించే ముందు ఈ రంగు పరీక్ష చేసుకుంటే నష్టంలో కొంత భాగం అక్కడే ఆగిపోవచ్చు.

ఇక మరమ్మతు. గుర్తింపు బృందం వేరు, మరమ్మతు బృందం వేరు; ఆ తేడా పనిలో స్పష్టంగా కనిపించింది. పీవీసీ చీలిక మీద క్లాంపు బిగించి పూడ్చేస్తామని మొదట అన్నారు. చిన్న రంధ్రానికి క్లాంపు సరిపోతుందేమో కానీ, పొడవునా చీలిన పీవీసీకి సరిపోదు. క్లాంపు అంచు దాటి చీలిక ముందుకు సాగుతుంది. చీలిన ముక్కను రెండు వైపులా మంచి పైపు దాకా కోసి తీసివేసి కొత్త ముక్క వేయాలని మేం పట్టుబట్టిన తర్వాతే అలా చేశారు. సాల్వెంట్ సిమెంటుతో అతికిన జాయింట్లకు ఒక రోజు ఆరే సమయం ఇవ్వాలి. వారు మరుసటి పూటకే నీరు వదలాలని చూశారు, మేం ఆపాం. పైపు కింద పైన ఇసుక పరచడం మాత్రం అడిగిన వెంటనే చేశారు, పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టారు.

క్వార్టర్ల దగ్గర ఇంకో లోపం జరిగింది. జాయింట్ మార్చి, పరీక్ష పెట్టకుండానే పూడ్చి టైల్స్ పరిచేశారు. నీరు వదిలాక ఒత్తిడి గేజి ముల్లు మెల్లగా దిగింది. మళ్లీ తీసి చూస్తే కొత్త జాయింట్ ఒక వైపు సరిగా బిగియలేదు. రెండోసారి పనికి డబ్బు అడగలేదు, నిజమే. కానీ గుంత తెరిచి ఉండగానే మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, జాయింట్లు కళ్లతో చూసి, గేజి నిలిచాకే పూడ్చడం ఈ పనిలో ప్రాథమిక నియమం. పని ఒప్పందంలో ఈ వాక్యం ముందే రాయించుకోవాలని ఇతరులకు నా సలహా.

చివరగా రాత్రి పరీక్ష మళ్లీ పెట్టించాం. అదే వేళ, అదే ట్యాంకు, అదే టేపు. మూడు గంటల్లో మట్టం ఒక సెంటీమీటరు కూడా తగ్గలేదు. నేను బిల్లు మీద సంతకం పెట్టింది ఈ కొలత చూసిన తర్వాతే.

నివేదిక విషయంలో కొంత అసంతృప్తి ఉంది. రంగుల ఫొటోలు, కోరిలేటరు గ్రాఫులు బాగానే ఉన్నాయి కానీ, లీకు చోట్లకు ఫోను నుంచి తీసిన జీపీఎస్ అంకెలు మాత్రమే ఇచ్చారు. అలాంటి అంకెల్లో కొన్ని మీటర్ల తేడా మామూలు. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ చోటు వెతికితే వాటితో పని జరగదు. మెస్ భవనం రెండు మూలల నుంచి టేపు కొలతలతో చేతి నక్షా గీసి ఇవ్వమని అడిగితే ఇచ్చారు. పీవీసీ ఎక్కడ మొదలవుతుందో, ఎంత లోతులో ఉందో, ఏ వాల్వు ఏ లైనుదో అందులో ఉన్నాయి. మా ఆపరేటరుకు మాత్రమే తెలిసిన ఆ మలుపు సంగతి ఇప్పుడు కాగితం మీదికి ఎక్కింది. నా దృష్టిలో ఈ నక్షా విలువ ఫొటోలన్నిటికన్నా ఎక్కువ.

రుసుము గురించి. గుర్తింపుకు రోజు లెక్కన, గ్యాస్‌కు విడిగా, మరమ్మతుకు చోటు లెక్కన తీసుకున్నారు. లీకు దొరికినా దొరకకపోయినా గుర్తింపు రుసుము ఇవ్వాల్సిందే అన్నారు. మొదట ఇది అన్యాయంగా తోచవచ్చు కానీ నాకు సబబుగానే అనిపించింది. రాత్రి పరీక్ష చేసి “ఈ లైనులో లీకు లేదు” అని తేల్చి చెప్పడం కూడా పనే. లీకు చూపిస్తేనే డబ్బు అనే ఒప్పందంలో లేని లీకును చూపించి తవ్వించే ప్రలోభం ఉంటుంది. మొత్తం ఖర్చు ఈ వేసవిలో ట్యాంకర్లకు మేం పెట్టినదాని కన్నా తక్కువే అయింది.

ఒక ఇంటికో చిన్న అపార్టుమెంటుకో ఇంత సరంజామా అక్కర్లేదు. మంచి ప్లంబరు, ఒక ఒత్తిడి గేజి, ఒక రాత్రి ఓపిక సరిపోతాయి. ఎకరాల్లో విస్తరించి, లైన్లు ఏ కాలంలో ఎవరు వేశారో తెలియని చోట్లకు ఈ సేవ తగినది. పిలిచే ముందు ఫోనులో వారి మాటల్లో ఒక్క సంగతి గమనించండి: పైపు ఏ రకం, ఎంత వ్యాసం, వాల్వులు ఎక్కడెక్కడ ఉన్నాయి అని వారు మిమ్మల్ని అడుగుతున్నారా, లేక యంత్రం పేరు చెప్పి రేటు మాత్రమే చెబుతున్నారా? మేం పిలిచిన సంస్థ మొదటి ఫోనులోనే వాల్వుల గురించి అడిగింది. వారు వచ్చే రోజుకు పాత ప్లంబరునో మోటారు ఆపరేటరునో, ఉద్యోగం మానేసినవారైనా సరే, బతిమాలి పిలిపించుకోండి.

మెస్ లైనులో మిగిలిన పీవీసీ కూడా అదే లోతులో, అదే రాళ్ల మీద ఉంది కనుక దాన్ని దసరా సెలవుల్లో మొత్తంగా మార్చాలని నిర్ణయించాం. తవ్వకం, ఇసుక, పైపు పని మా మనుషులతో చేయిస్తాం. పూడ్చకముందు ఒత్తిడి పరీక్షకు, పూడ్చాక రాత్రి కొలతకు మాత్రం ఈ సంస్థ గుర్తింపు బృందాన్నే పిలుస్తున్నాం. ఆ మేరకు వారు అంచనా పంపారు, ఒకటిన్నర రెట్ల ఒత్తిడి వాక్యం ఈసారి అందులో వారే రాశారు.